సబ్బునీళ్ళ తోట ఎవరిది

మొన్న ఆదివారం పొద్దున మా అన్న గంగన్న వచ్చి మా రెండు పొలాల నడిమి గెట్టు మీద కూర్చున్నాడు. కాళ్ళు తన వైపు పెట్టుకుని, ముఖం మాత్రం నా వైపు తిప్పాడు. అతని బోరు కూలిపోయింది. ఇంకో చోట వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పసుపు ఆకులు మధ్యాహ్నానికల్లా చుట్టచుట్టుకుపోతున్నాయి. నా బావిలో మాత్రం మెట్లు మునిగేంత నీళ్ళున్నాయి. "బోరు మళ్ల వడేదాంక నీ మోటరు నీళ్లు గింత ఇడువు తమ్మీ. పసుపు పానం వోతున్నది" అన్నాడు. ఇస్తానన్నాను. కాకపోతే ఒక్క మాట చెప్పమన్నాను. ఖతర్‌లో ఆ తోట పెట్టింది నేను కాదు, నా తమ్ముడు లింబయ్య అని, మా ఇంటివాళ్ళందరి ముందు ఒక్కసారి చెబితే చాలన్నాను. అతను ఒకసారి తన పసుపు వైపు చూశాడు. లేచి, పంచె దులుపుకుని, ఒక మాట అని వెళ్ళిపోయాడు. అదేమిటో చివర చెబుతాను. ముందు ఆ తోట సంగతి చెప్పాలి. దాన్ని గురించి మా ఊళ్ళో ఇప్పటిదాకా చెప్పినవాళ్ళెవరూ, మా అన్న తప్ప, దాన్ని చూడలేదు.

నాకు మరుపు లేదు. మా ఊళ్ళో నన్ను అర్జీల లింబయ్య అంటారు. రేషన్ దుకాణం తూకం మీద, మా వాడకట్టులో వంగిపోయిన కరెంటు స్తంభం మీద, నన్ను పిలవకుండా ఊళ్ళో కానిచ్చిన ప్రతి పని మీద అర్జీ రాసినవాడిని నేనే. వాటిలో సగానికి జవాబు రాలేదు. ఎవరెవరు జవాబివ్వలేదో నాకు గుర్తుంది. అయినా నా జన్మలో పెద్ద అర్జీ వాటిలో లేదు. ఆ అర్జీ ఇవ్వడానికి ఆఫీసు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

దోహా నుంచి ఉత్తరానికి బస్సులో పోతే, సముద్రం ఒడ్డున అప్పట్లో గ్యాస్ ఫ్యాక్టరీ కట్టబోతున్న చోటు అది. ఇప్పుడు అక్కడ ఏముందో ఫోన్లో చూపిస్తుంటారు, వెలిగే గొట్టాలు, నాలుగు వరుసల రోడ్లు. మేం పోయినప్పుడు రోడ్డు సగం దాకానే ఉండేది. మిగతా సగం ఇసుకలో ముందు లారీ వేసిన చక్రాల జాడ. రేకుల క్యాబిన్లు కొన్ని, ఎత్తు మీద నీళ్ళ ట్యాంకు, ఒక మెస్, దాని వెనక స్నానాల గదుల వరుస. అంతే. ఆ ఇసుకలో మొట్టమొదట పొయ్యి వెలిగించింది మా క్యాంపే. ఊరు లేదు, పేరు కూడా లేదు. బస్సు డ్రైవరు "యల్లా, ఆఖరీ" అని దింపేవాడు కాబట్టి మేం దాన్ని ఆఖరీ అనేవాళ్ళం. శుక్రవారం నాడు కంపెనీ బస్సు దోహా జదీదా దుకాణాల దగ్గర దింపి, సాయంత్రం ఎక్కించుకొచ్చేది. అక్కడ కొన్న ఆకుకూర మా క్యాంపు చేరేసరికి తాడులా అయ్యేది.

మా అన్న నాకంటే ముందే వెళ్ళి, అక్కడ స్టీలు కట్టే పనిలో కుదురుకుని, నాకు వీసా పంపాడు. ఆ ఒక్క సంగతి నేను ఎప్పుడూ కాదనలేదు. అతను కూడా నన్ను మరవనివ్వలేదు. నేను దిగిన రోజునే క్యాంపు బాసుకు నన్ను చూపించి, "మా తమ్ముడు సార్. ఏం తెల్వది. నేనే తెచ్చిన" అన్నాడు. ఏం తెలవదు అన్నది వీసాకు ఎందుకు అవసరమో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. క్యాబిన్‌లో నాకు ఏసీ కింద పై మంచం ఇచ్చాడు. దాని గొట్టం నుంచి నీళ్ళు సరిగ్గా నా తలగడ మీద కారేవి. "కొత్తోనికి సల్లగుంటది" అని అందరినీ నవ్వించాడు.

క్యాబిన్‌ను అతను ఇల్లులా ఏలేవాడు. డ్యూటీ నుంచి రాగానే గడప బయట మగ్గుతో కాళ్ళు కడుక్కుని గాని లోపలికి రాడు, ఎవరినీ రానివ్వడు. బూట్లన్నీ మూతులు బయటికి చేసి వరుసగా పెట్టాలి. తడిసిన సాక్సుల వాసన, కొబ్బరినూనె వాసన, మంచాల కింది అరలలో మామిడికాయ తొక్కు వాసన కలిసి ఆ రేకుల గదికి మా ఊరి వంటింటికి లేని ఒక గాఢత వచ్చేది. వంట నాది, వడ్డన అతనిది. అన్నం గిన్నె మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టి "కూసోండ్రి" అనేవాడు. ముందు తన పళ్ళెంలో అడుగుది కాకుండా నడిమి అన్నం తీసుకునేవాడు. నాకు ఎప్పుడూ మాడు వచ్చేది. పప్పు, అన్నం, ఎండుమిరపకాయల పోపు, మళ్ళీ పప్పు. పోపు ఘాటుకు పక్క క్యాబిన్ ఫిలిప్పినో వాళ్ళు దగ్గుతూ కిటికీలు మూసుకునేవాళ్ళు. ఆదివారమో, శుక్రవారమో కూడా తేడా తెలియని ఆ తిండిలో మాకు అందరికీ ఒకే కల ఉండేది. పుంటికూర. గోదావరి జిల్లా వాళ్ళు దాన్నే గోంగూర అంటారు.

ఎడారి అంతా ఒకటే ఇసుక కాదు. అక్కడక్కడా పల్లంగా ఉండే చోట్లు ఉంటాయి. ఎప్పుడో పడే వాన అక్కడికి చేరి సన్నటి మన్ను పేరుకుంటుంది. అక్కడివాళ్ళు దాన్ని రౌదా అంటారు. మా స్నానాల గదుల వెనక అలాంటి చిన్న రౌదా ఉండేది. స్నానాల నీళ్ళ గొట్టం దాని పై అంచున తెరుచుకునేది. మరుగుదొడ్లకు వేరే గుంట ఉంది కాబట్టి ఇవి ఒట్టి సబ్బునీళ్ళే. సాయంత్రం అందరూ స్నానాలు చేసే వేళకు అక్కడ ఎర్రసబ్బు వాసన, తలనూనె వాసన, తడిసిన మట్టి వాసన లేచేవి. ఆ మూడో వాసన కోసం నేను అక్కడ నిలబడేవాడిని. మా అన్న అక్కడ నాలుగు సిమెంటు ఇటుకలు దూరం దూరంగా వేశాడు. వాటి మీద కూర్చుని అతనూ మేస్త్రి రాజన్నా బీడీలు తాగేవాళ్ళు. ఆ నాలుగు ఇటుకలను గుర్తుపెట్టుకోండి.

మా అన్న ఇంటికి లీవు మీద పోయాడు. అతను లేని ఆ రోజుల్లో నేను ఆ రౌదాను తవ్వాను. సైటు నుంచి విరిగిన పార ఒకటి తెచ్చి దానికి పెట్టెల చెక్కతో పిడి వేశాను. కొంత దూరంలో ఒంటెల దొడ్డి ఉండేది. దాన్ని చూసుకునే సూడాన్ ముసలాయన నా సైగలు అర్థం చేసుకుని, ఎండిన పెంట సంచుల్లో నింపుకోమన్నాడు. ఎందుకని అడగలేదు, బహుశా అంత వింత కోరిక అతనికి ఎవరూ కోరి ఉండరు. ఇసుక గాలికి అడ్డంగా పెట్టెల చెక్కలు పాతాను. గొట్టం మూతి నుంచి చిన్న కాలువ తీసి, మా ఊళ్ళో మడులు కట్టినట్టే మడులు కట్టాను. నేను ప్రయాణమయ్యేటప్పుడు మా అమ్మ తొక్కు డబ్బా పక్కన గుడ్డ మూటలో పుంటికూర గింజలు, మెంతులు, తోటకూర గింజలు పెట్టింది. మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే, ఆ దుబాయిలో మన్ను ఉండదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రౌదా కింది సగంలో ఆమె గింజలు మొలిచాయి. పుంటికూర ఎర్రకాడలతో లేచిన నాడు క్యాంపు క్యాంపంతా వచ్చి, పుట్టిన పిల్లను చూసినట్టు వంగి చూసింది.

మొదటి కోత కూర వండినప్పుడు టైమ్‌కీపర్ జాన్‌బాబు గారు కూడా మా క్యాబిన్‌కు వచ్చారు. గోదావరి జిల్లా మనిషి, ఆదివారం డ్యూటీ అయినా లోపల ప్రార్థన చేసుకుని గాని రిజిస్టరు తెరవరు. "ఏమయ్యా లింబయ్యా, ఉడికిస్తే నురగ గానీ వస్తుందా ఏంటి?" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన పళ్ళెం మూడుసార్లు నింపించుకున్నారు. నా జీవితంలో నేను చేసిన పనిని అంతమంది నోటితో మెచ్చుకున్నది అదే మొదలు, అదే ఆఖరు.

మా అన్న తిరిగొచ్చాడు. బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని, పుంటికూర పప్పు తిన్నాడు. గరిటె కొట్టకుండా తిన్న అన్నం అదొక్కటే. వేళ్ళు నాకాడు కూడా. తిన్నాక వెనక్కి వెళ్ళి తోట చుట్టూ ఒక తిరుగు తిరిగి వచ్చి, "మంచిగ జేసినవ్ తమ్మీ. నా జాగ ఉత్తగ ఉండనియ్యలే" అన్నాడు.

"నీ జాగేంది అన్నా?"

"నాలుగు దిక్కుల ఇటుకలు వెట్టిపోయిన. సూడలేదా?"

"బీడీలు తాగనీకి వెట్టినవ్ గవి."

"నాలుగు మూలలకు నాలుగు వెట్టుకోని బీడీ తాగుతరారా ఎవలన్న? హద్దులు వెట్టిపోయిన. పెద్దోని హద్దుల నువ్వు దున్నినవ్. దున్నినోనికి కూలి ఇయ్యాలె గని, జాగ ఇయ్యరు."

ఆ నాటి నుంచి పొయ్యిలు రెండయ్యాయి. ఒకే క్యాబిన్‌లో ఇద్దరన్నదమ్ములు రెండు గిన్నెల్లో ఒకే పప్పు వండుకున్నాం. అతను గడప బయట కాళ్ళు కడుక్కుని ఆ నీళ్ళు నా బూట్లలోకి పోయేలా మగ్గు వంచేవాడు. నేను అతని తలగడ మీద ఏసీ గొట్టం తిప్పాను. తోటలో అతను పొద్దున కోస్తే నేను సాయంత్రం కోసేవాడిని, కూర పెరగడానికి మాత్రం ఎవరమూ వదల్లేదు. చివరికి మేస్త్రి రాజన్న విసిగిపోయి శుక్రవారం మెస్ నీడలో పంచాయితీ పెట్టించాడు. రాజన్న జగిత్యాల వైపు మనిషి. జాన్‌బాబు గారు మధ్యవర్తి. నీళ్ళ ట్యాంకరు నడిపే పఠాన్ ఒకడు పిలవకపోయినా వచ్చి కూర్చున్నాడు. రెండు వైపులా చెప్పింది విని, గడ్డం గోక్కుని, "జమీన్ అరబీకా, ఝగడా తుమ్హారా. వాహ్" అన్నాడు. భూమి అరబ్బుది, కొట్లాట మాది. అతనన్నది నిజమే. కాని మా ఊళ్ళో పట్టా ఉన్న భూమి కోసం కొట్లాడినవాళ్ళను కూడా నేను చూశాను, వాళ్ళు మాకంటే గొప్పగా కొట్లాడలేదు.

రాజన్న మా వైపు పద్ధతి చెప్పాడు. పెద్దోడు పంచాలి, చిన్నోడు ముందు ఏరుకోవాలి. జాన్‌బాబు గారు తల ఊపి, "అంతకంటే న్యాయం ఏముంటుందండీ. వంకరగా పంచితే నష్టపోయేది పంచినోడేగా" అన్నారు. మా అన్న తాడు తెచ్చి రౌదాకు అడ్డంగా లాగాడు. పై సగంలో బీడు, గొట్టం మూతి, రాళ్ళు. కింది సగంలో నా మడులన్నీ, మోకాలెత్తు పుంటికూర, కోతకొచ్చిన మెంతి. తాడు కట్టి పక్కకు జరిగి, "ఏరుకో తమ్మీ" అన్నాడు. అంత మెత్తగా అతను నాతో ఎన్నడూ మాట్లాడలేదు. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

నేను కింది సగం ఏరుకున్నాను. ఎవరైనా అదే చేస్తారు, కాని నేను ఎవరైనా కాదు, బావుల కింద వ్యవసాయం చేసిన ఇంట్లో పుట్టినవాడిని. మా వైపు అన్నదమ్ములు మెట్ట చెలకలు పంచుకుంటారు, ఎడ్లను పంచుకుంటారు, ఇంటి దూలాలు కూడా ఊడదీసి పంచుకుంటారు. బావిని పంచుకోరు. అది ఎవరి వాటాలో పడినా పొత్తులోనే ఉంటుంది, వంతులవారీగా అందరికీ పారుతుంది. ఆ సంగతి మాట్లాడుకోవాలని కూడా ఎవరికీ తోచదు. ఆ నాడు నాకూ తోచలేదు, రాజన్నకూ తోచలేదు. జాన్‌బాబు గారిది కాలువల దేశం, ఆయనకు నీళ్ళు ఎక్కడినుంచైనా వస్తాయి. తోచింది ఒక్కడికే.

మరునాడు పొద్దున గొట్టం మూతి దగ్గర కాలువ పూడ్చి ఉంది. నీళ్ళు మా అన్న బీడులోకి మళ్ళాయి. నేను పరుగెత్తి వెళ్ళాను.

"నీళ్లు పొత్తుల ఉంటయి అన్నా. బాయి పంచుకుంటరా ఎన్నడన్న?"

"గిది బాయి కాదు తమ్మీ. తానం జేసిన నీళ్లు. పంచాయితీల నీళ్ల ముచ్చట ఎవలన్న తీసిండ్రా? నీ పాలు నువ్వే ఏరుకుంటివి."

రాజన్న దగ్గరికి పోయాను. పంచాయితీ అయిపోయింది, మళ్ళీ విప్పితే పెద్దమనుషుల మాటకు విలువుండదన్నాడు. జాన్‌బాబు గారు బాధపడ్డారు, బాధపడి ఊరుకున్నారు. క్యాంపు బాసుకు చెబితే అసలు తోటలే పీకిస్తాడని భయం. నేను డబ్బాలతో నీళ్ళు మోశాను. స్నానాల గదుల్లో డబ్బాలు నింపుకుపోతే వరుసలో ఉన్నవాళ్ళు తిట్టారు. ఎండాకాలం వచ్చింది. అక్కడి ఎండాకాలం మన దగ్గరి ఎండాకాలం కాదు, డబ్బాలోంచి నేలమీద పడేలోపే నీళ్ళు కాగిపోతాయి. పుంటికూర కింది ఆకు నుంచి పైకి ఎండుతూ వచ్చింది. మెంతి ఒక్క పూటలో పోయింది. విత్తనానికైనా దక్కుతాయని కాయలు చూశాను, తాలు గింజలు. తాడుకు అవతల మా అన్న మడులు కట్టాడు. నేను కట్టినట్టే, నా కొలతలతోనే కట్టాడు. అమ్మ దగ్గరి నుంచి లీవులో తెచ్చుకున్న గింజలు చల్లాడు. చలికాలానికి అతని పుంటికూర లేచింది. క్యాంపులో ప్రతి క్యాబిన్‌కూ కట్టలు కట్టి పంపాడు. మా క్యాబిన్‌లో వండినప్పుడు అందరి పళ్ళాల్లో వేసి, గరిటె నా పళ్ళెం మీదుగా దాటించి పక్కవాడికి వేశాడు. ఆ గరిటె నుంచి ఒక చుక్క నా అన్నంలో పడింది. ఆ ముద్ద పక్కకు తీసిపెట్టి మిగతాది తిన్నాను.

అంతవరకైతే నేను మర్చిపోయేవాడిని అనను, నేను మర్చిపోయే మనిషిని కాను. కాని అంతకంటే పెద్దది ఇంకోటి జరిగింది. ఆ రోజుల్లో ఫోన్లు మాబోటివాళ్ళకు అందేవి కావు. చెప్పదలచుకున్నది క్యాసెట్‌లో మాట్లాడి, లీవు మీద పోయేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం. ఒక శుక్రవారం మా అన్న కింది మంచం మీద టేప్‌రికార్డరు పెట్టుకుని, నేను పై మంచం మీద ఉండగానే, మా అమ్మను పిలుస్తూ, "అవ్వా, ఈడ ఎడారిల తోట వెట్టిన. నీ గింజలే. పుంటికూర వెట్టిన, అందరు తింటున్నరు. తమ్ముడు మంచిగనే ఉన్నడు, జర పని నేర్సుకుంటున్నడు" అని చెప్పాడు. నేను నోరు తెరిస్తే అది కూడా రికార్డవుతుంది. మా ఇంట్లో ఆ క్యాసెట్‌ను వాడకట్టంతా కూర్చుని విన్నారట. దుబాయిలో గంగన్న తోట పెట్టాడని పెళ్ళిళ్ళలో చెప్పుకున్నారు. నేను తిరిగొచ్చి నిజం చెబితే, మా అమ్మ నా తల నిమిరి, "నువ్వు గూడ పెడుదువుతీ బిడ్డా" అంది. ఆమె చనిపోయేదాకా ఆ తోట మా అన్నదే.

ఇద్దరం వచ్చేశాక ఇంటి భూమి పంచుకున్నాం. మళ్ళీ అతనే పంచాడు, నేనే ఏరుకున్నాను. ఈసారి రోడ్డు పక్క మంచి చెలక వదిలేసి, బావి ఉన్న రాళ్ళ ముక్క ఏరుకున్నాను. బావి సంగతి కూడా రాయించాను, పొత్తు లేదని. ఊరంతా నవ్వింది. ఆ తర్వాత బోర్లు వచ్చాయి. మా అన్న చెలకలో బోరు పడి నురగలు కక్కింది. నా బావి ఎండి, చెత్త పారేసే గుంటయింది. "తమ్ముడు బాయి ఏరుకున్నడు, కప్పలు సాదుతడట" అని మా అన్న హోటల్ దగ్గర అన్న మాట ముగ్గురు వేర్వేరుగా నాకు చేరవేశారు. నేను బావి పూడ్చలేదు. ఏటా పూడిక తీయించాను. ఊటలు తిరిగొచ్చేదాకా తీయించాను. ఈమధ్య ఊరి పక్క నుంచి కాలువ పోయాక ఊటలు తిరిగొచ్చాయి.

అప్పుడూ ఇప్పుడూ బేరీజు వేసుకుంటే నాకు ఒకటే తేడా కనిపిస్తుంది. ఆ రౌదాలో నాది అనుకోవడానికి నాకు ఏ హక్కూ లేకపోయినా, అది నాదని ఒళ్ళంతా తెలిసేది. ఈ బావికి కాగితం ఉంది, సంతకాలున్నాయి, దీన్ని చూస్తే నాకు ఆ మట్టి వాసన రాదు. ఇప్పుడు ఆఖరీలో ఆ చోట ఏముందో మా బంధువుల పిల్లవాడొకడు దోహాలోని ఐన్ ఖాలిద్ నుంచి కారులో వెళ్ళి చూసి వచ్చాడు. గోడ కట్టేశారట, లోపలికి పోనివ్వరట. నాకు బాధ కలగలేదు. ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. నా దగ్గర తీసుకున్నది వాళ్ళు కాదు.

మొన్న గెట్టు మీద నుంచి లేచేటప్పుడు మా అన్న నా ముఖం చూడకుండా అన్నాడు. "బాయి పొత్తుల ఉంటదని నువ్వే అంటివి గదరా ఆనాడు. గా మాట మీదనన్న ఉండు. పసుపు ఎండితె ఎండనియ్ గని, ముసలితనంల అబద్ధం చెప్పుమంటవా? ఇటుకలు వెట్టింది నేను."

అబద్ధం అన్నాడు. ఇన్నాళ్ళకు అతనికి నీళ్ళు పొత్తులో ఉంటాయని గుర్తొచ్చింది, తోట ఎవరు పెట్టారో మాత్రం గుర్తు రాలేదు. మోటరు స్విచ్చు నా మంచం పక్కనే ఉంది. ఆ ఒక్క మాట చెప్పడానికి అతనికి పట్టే సమయం, ఆ స్విచ్చు వేయడానికి నాకు పట్టే సమయం ఒకటే. అతను వెళ్ళిన మరునాడు గెట్టు మీద బెత్తెడు మన్ను ఎక్కువ వేయించాను, నా నీళ్ళు పొరపాటున కూడా అవతలికి ఊరకుండా. ఇవాళ పొద్దున ఆ గెట్టు వెంట పుంటికూర గింజలు చల్లి నీళ్ళు పెట్టాను. అతను తన పొలంలో ఎక్కడ నిలబడినా కనిపించేలా.